అప్‌డేట్: మా బాబు పొట్ట, ఎత్తు సంగతి

పదమూడేళ్ల మా బాబుకి టైప్ 1 షుగర్ ఉంది, ఎత్తు పెరగట్లేదు, పొట్ట ఉబ్బింది, కామెర్లేమో అని నాలుగు నెలల క్రితం అడిగాను కదా. కామెర్లు కాదు. మలక్‌పేట నుంచి పిల్లల హార్మోన్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మోరియాక్ సిండ్రోమ్ అన్నారు. 1930లో ఒక ఫ్రెంచ్ డాక్టర్ గుర్తించారట. షుగర్ ఎక్కువగా ఉండటం, దించడానికి ఇన్సులిన్ ఎక్కించడం, ఇలా సాగితే లివర్‌లో గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, పేరుకుంటుందట. కొవ్వు కాదు.

హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 12.4 వచ్చింది, చాలా ఎక్కువ. తప్పు మాదే. స్కూల్లో సిగ్గుపడి మధ్యాహ్నం ఇంజెక్షన్ మానేసేవాడు, రాత్రి మేం డోసు పెంచేవాళ్లం. పైగా రోజూ బొడ్డు పక్కన ఒకే చోట పొడిచి, అక్కడ ఉసిరికాయంత గడ్డ కట్టింది. అందులో వేస్తే మందు సరిగా ఒంటికి పట్టదట!

ఇప్పుడు చోటు మారుస్తున్నాం. షుగర్ ఒక్కసారిగా దించితే కంటి సమస్య ముదరొచ్చని ముందే కళ్లు చూపించారు. మొన్నటి రిపోర్టులో 9.1. లివర్ వాపు తగ్గింది. ఎత్తు ఒక సెంటీమీటరే, కానీ గోడ మీద పెన్సిల్ గీత కదిలింది. వాళ్ల నానమ్మ రెండుసార్లు కొలిపించింది.