సామ్‌గ్యేతాంగ్: మండుటెండల్లో పొగలు కక్కే కోడి సూపు ఎందుకు?

ప్రశ్న:
కొరియాలో ఎండలు మండే రోజుల్లోనే వేడివేడి సామ్‌గ్యేతాంగ్ తాగుతారట. దానికి మూడు రోజులు ప్రత్యేకం అంటారు, కానీ తేదీలు ఏటా మారుతున్నాయి. లెక్కేమిటి? ఇంకో సందేహం. కోడి మెత్తగా ఉడికినా దాని కడుపులో కూరిన అన్నం పలుకుగా మిగిలిపోతుంది. ఎందుకండీ?

జవాబు 1:
ఆ మూడూ చోబొక్, జుంగ్‌బొక్, మల్‌బొక్. కలిపి సామ్‌బొక్. పాత పంచాంగంలో 'గ్యోంగ్' రోజు పది రోజులకోసారి తిరిగొస్తుంది. హాజీ, అంటే పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు నుంచి లెక్కపెడితే మూడో గ్యోంగ్ చోబొక్, నాలుగోది జుంగ్‌బొక్. మల్‌బొక్ లెక్క వేరు: ఆగస్టు మొదట్లో వచ్చే ఇప్చు, అంటే ఆ పంచాంగంలో శరదృతువు మొదలయ్యే రోజు నుంచి మొదటి గ్యోంగ్. అందుకే చివరి రెండింటి మధ్య ఒక ఏడు 10 రోజులుంటే ఇంకో ఏడు 20. 2024లో జులై 15, 25, ఆగస్టు 14. 2025లో జులై 20, 30, ఆగస్టు 9.

నమ్మకం పేరు 'ఇయోల్‌చియోల్': వేడిని వేడితోనే అణచాలని. ఎండాకాలం ఒంటి వేడంతా చర్మం మీదికొచ్చి పొట్ట చల్లబడుతుందట. కోడి, ఇన్‌సామ్ (జిన్సెంగ్) రెండూ వేడిచేసేవే కాబట్టి లోపలికి వేడి పోస్తాయంటారు.

జవాబు 2:
అన్నం సంగతి. జిగురు బియ్యం నానకపోవడం ఒక కారణం, కూరి కూరి నింపడం రెండోది. గింజ ఉబ్బడానికి చోటు, నీళ్లు రెండూ కావాలి. చోటు లేకపోతే ఒక్కోసారి కోడి చర్మమే చిట్లి అన్నం సూపులో కలిసి గంజవుతుంది.

500 గ్రాముల లేత కోడికి 50-60 గ్రాముల బియ్యం చాలు. గంటన్నర నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చండి. తోక దగ్గరి కొవ్వు కోసేయండి, లేకపోతే సూపు జిడ్డుగా వస్తుంది. కడుపులో మూడింట రెండు వంతులే నింపి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండు రేగుపండు పెట్టి, కాళ్లు అడ్డంగా వేసి దారంతో కట్టేయండి. లీటరున్నర నీళ్లలో ఒక ఇన్‌సామ్ వేరు, అల్లం ముక్క వేసి, మరిగాక తెట్టు తీసి, సన్నని సెగ మీద గంటసేపు. ఉప్పు వండేటప్పుడు వేయరు. తినేటప్పుడు ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ రేగుపండు తినకూడదని, చెడంతా అది పీల్చుకుంటుందని చదివాను. నిజమా?

జవాబు 2:
కొరియాలోనూ ఆ మాట బాగా తిరుగుతుంది. ఆధారం లేదు, హాయిగా తినండి. జాగ్రత్త కావలసింది ఇన్‌సామ్‌తోనే. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా తినకూడదు, ఆ మందు పనిని అది తగ్గించవచ్చు.

జవాబు 3:
ఈ సూపు అందరికీ పడదని కొరియా సంప్రదాయ వైద్యమే చెబుతుంది. లీ జే-మా అనే వైద్యుడు 1894లో రాసిన పద్ధతిలో మనుషుల ఒళ్లు నాలుగు రకాలు. అందులో 'సోయాంగ్' తత్వానికి అసలే వేడెక్కువ, కాబట్టి కోడి, ఇన్‌సామ్ వద్దంటారు. వాళ్లకీ, మాంసం తిననివాళ్లకీ అదే కాలంలో కోంగుక్సు ఉంది: సోయా గింజలు ఉడికించి రుబ్బిన చల్లటి పాలలో నూడుల్స్. గింజలు తక్కువ ఉడికితే పచ్చివాసన, ఎక్కువ ఉడికితే ముక్కవాసన. నానిన గింజలైతే మరుగు పట్టాక ఓ పది నిమిషాలు చూసి, ఒక గింజ కొరికి దించేయండి.