కొబ్బరి నూనెనా, ఆముదమా: మా ఇంట్లో తేలట్లేదు, మీరైనా చెప్పండి

సిరి (కూకట్‌పల్లి)
అందరికీ నమస్తే. బాబుకి నాలుగో నెల నడుస్తోంది, నాకేమో పోయిన నెల నుంచి జుట్టు విపరీతంగా రాలిపోతోంది, దువ్వెన పెడితే చాలు ఉండలు ఉండలుగా వచ్చేస్తోంది, తలస్నానం చేసిన రోజైతే బాత్రూం జాలీ రెండుసార్లు తీసి శుభ్రం చేయాల్సి వస్తోంది. నడుం దాకా ఉన్న జడ నాది, చూసుకుంటే ఏడుపొస్తోంది. అమ్మ వాళ్ళది నాగర్‌కర్నూల్ దగ్గర, అమ్మేమో ఆముదం తప్ప ఇంకేదీ పనిచేయదని సీసా పంపింది. అత్తయ్య వాళ్ళది కోనసీమ, గానుగ ఆడించిన కొబ్బరి నూనె ఐదు లీటర్ల డబ్బా వచ్చింది అక్కడి నుంచి. ఎవరిది పక్కన పెట్టినా రెండోవాళ్ళు బాధపడతారు. పైగా మాది బోరు నీళ్ళు. రెండూ కలిపి రాయాలా, ఏదో ఒకటే రాయాలా, అసలు రాలడం ఆగుతుందా? వాడి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాలమూరు బిడ్డ
అక్కా, మీ అమ్మ చెప్పిందే కరెక్టు. కాకపోతే ఏ ఆముదం అన్నది చూడాలె. మా నాయనమ్మ ఆముదాలు వేయించి, రోట్ల దంచి, నీళ్ళల్ల ఉడకవెడుతుండె, నూనె పైకి తేలంగనే గరిటెతోని తీసి మళ్ళ చెమ్మ ఇగిరిపోయేదాక కాస్తుండె, ఇల్లంత వాసనే. గది అసలు వంటాముదం. డెబ్బై ఏండ్లు దాటినంక గూడ ఆమె జుట్టు పిడికిట్ల పట్టకపోతుండె. షాపుల దొరికేది మిషన్ల పిండి, వాసన రంగు తీసేసింది, దాన్ని రాసుకొని ఆముదం పనిచేస్తలేదంటే ఎట్ల? మా దిక్కు పుట్టిన పిల్లగాండ్ల మాడకు పెట్టేది గూడ ఇదే.

అంబాజీపేట అబ్బాయి
నాయనమ్మ గారి జుట్టు బావుండటం ఆముదం వల్లే అని ఎలా తేలుస్తారండీ? మా అమ్మమ్మ జన్మలో ఆముదం ముట్టలేదు, కొబ్బరి నూనె తప్ప ఇంకోటి తెలీదు, ఆవిడ జడా బారెడు ఉండేది. సరే, అమ్మమ్మల సంగతి పక్కన పెడదాం. 2003లో మన ముంబై సైంటిస్టులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ తెచ్చి వెంట్రుకలకి పట్టించి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా గట్టిగా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే, మిగతా రెండూ ఆపలేదు. ఇంకా ఏం కావాలండీ. మా ఊరు కొబ్బరి మార్కెట్ అని పక్షపాతం అనుకుంటే అనుకోండి.

పాలమూరు బిడ్డ
గా పరీక్ష చేసినోళ్ళు పనిచేసేది కొబ్బరి నూనె అమ్మే కంపెనీల కాదా అన్నా? మారికో ల్యాబ్ వాళ్ళే గదా. వాళ్ళ సరుకు మంచిగ లేదని వాళ్ళే రాస్తరా? పైగా దాంట్ల ఆముదం పెట్టి చూడనే లేదు. పోటీల దింపకుండ ఓడిపోయిందంటే నేనైతే ఒప్పుకోను.

మందుల షాపు తమ్ముడు (వరంగల్)
ఇద్దరూ ఆగండి. బీఫార్మసీ చదివి ఎనిమిదేళ్ళుగా కౌంటర్లో ఉన్నాను, ఈ ప్రశ్న రోజూ వింటాను. మారికో సంగతి నిజమే, వాళ్ళ ఉద్యోగులే చేశారు, ఆ ముక్క పేపర్ మీదే ఉంటుంది. కానీ దాని వెనకున్న లాజిక్ గట్టిది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ యాసిడ్, అణువు చిన్నది, వంకర లేకుండా తిన్నగా ఉంటుంది, అందుకని వెంట్రుక లోపలికి దూరగలదు. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది ఆరినప్పుడు ముడుచుకుంటుంది, ఇలా ఉబ్బి ముడుచుకునే కొద్దీ బలహీనపడుతుంది, లోపల నూనె ఉంటే నీళ్ళు తక్కువ పీలుస్తుంది, అదీ సంగతి. ఆముదంలో 85 శాతం పైనే రిసినోలిక్ యాసిడ్, బాగా చిక్కన, అంత లోపలికి పోదు, పైనే పొరలా పట్టుకుంటుంది. మెరుపు వస్తుంది, చివర్లు చిట్లినవి అణిగి ఉంటాయి, ఆ పని అది బాగానే చేస్తుంది.

అక్కా, మీకు అసలు విషయం చెప్పాలి. ఈ చెప్పిందంతా బయటికొచ్చిన వెంట్రుక గురించి. దానికి ప్రాణం లేదు. నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి మీ నడుం దగ్గరున్న చివర్ల వయసు నాలుగేళ్ళు ఉంటుంది, దాన్ని కాపాడుకోవడానికి నూనె కావాలి. కానీ మీది చిట్లడం కాదు, కుదుళ్ళ నుంచి రాలడం. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలాల్సిన జుట్టు కూడా రాలకుండా ఆగుతుంది, కాన్పయ్యాక రెండు మూడు నెలలకి ఆగిందంతా ఒక్కసారిగా మొదలవుతుంది. ఏ నూనె పెట్టినా పెట్టకపోయినా చాలామందికి బాబు మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. అప్పుడు ఏ నూనె చేతిలో ఉంటే దానికి పేరొస్తుంది, మా షాపులో ఇదే చూస్తుంటాను. మీరు చేయించుకోవాల్సింది హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు. కాన్పులో రక్తం పోయి ఐరన్ తగ్గితే రాలడం ఇంకా సాగుతుంది.

కలిపి రాసే ముందు ఇంకోటి. 2017లో మన దేశం డాక్టర్లే ఒక జర్నల్లో రాశారు, ఇరవై ఏళ్ళ అమ్మాయి ఆముదం కొబ్బరి నూనె కలిపి పట్టించి తలస్నానం చేస్తే పొడుగు జుట్టు మొత్తం చిక్కుపడి పక్షి గూడులా గట్టిపడిపోయింది, కత్తిరించడం తప్ప దారి లేకపోయింది. చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ పొడుగు జుట్టుకి చిక్కటి ఆముదం నిండా పోసి, పైన ముడి వేసి, షాంపూతో గట్టిగా రుద్దడం మాత్రం వద్దు.

తెనాలి పిన్ని
నువ్వుల నూనె ఊసే ఎత్తరేంటి ఎవరూ! దీపావళి తెల్లారుజామున, భోగి నాడు పిల్లల మాడున పెట్టి తలంటు పోసింది మనవాళ్ళు ఏ నూనెతో? చలికాలంలో కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టుకుపోతుంది, సీసా వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చోవాలి, నువ్వుల నూనెకి ఆ గొడవ లేదు. మా కోడలు డల్లాస్‌లో ఉంటుంది, డిసెంబర్లో ఆ పిల్లకి కొబ్బరి నూనె రాయిలా అవుతుందట. నేనైతే గోరువెచ్చగా కాచి, రాత్రి కాదు, పొద్దున్న గంట ముందు పట్టించి, కుంకుడుకాయ రసంతో పోసుకుంటాను. నలభై ఏళ్ళుగా ఇంతే.

సాగర తీరం (విశాఖ)
నూనె అందరికీ మంచిది అన్నట్టు మాట్లాడుకుంటున్నారు, అది కాదు అని చెప్పడానికే అకౌంట్ తెరిచాను. నాకు చుండ్రు. మాడు పొడిబారింది కాబట్టి పొట్టు రాలుతోంది నూనె పెట్టు అని ఇంట్లో అందరూ అంటే రెండేళ్ళు రాత్రిళ్ళు కొబ్బరి నూనె పట్టించి పడుకున్నా, దురద పెరిగింది, కనుబొమ్మల్లోకి కూడా పాకింది. చివరికి స్కిన్ డాక్టరు గారు చెప్పారు, అది పొడిదనం కాదు, మలాసీజియా అని మన చర్మం మీదే ఉండే ఫంగస్, దానికి తిండే ఈ కొవ్వు, నూనె పోస్తే మేత వేసినట్టే అని. నూనె మాన్పించి కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు. నెలలో తగ్గింది. ఇప్పుడు పెడితే చివర్లకే పెడతాను, మాడుకి కాదు. ఆ రెండేళ్ళూ ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పుంటే బావుండేది.

అంబాజీపేట అబ్బాయి
చుండ్రు ఉన్నవాళ్ళ విషయం ఒప్పుకుంటున్నానండి, నాకు తెలీదు అది. ఇంకో మాట, కొనేటప్పుడు సీసా వెనక చదవండి. బాదం, ఉసిరి అని బొమ్మ వేసి అమ్మే హెయిర్ ఆయిల్స్ చాలావాటిలో ఎక్కువ భాగం లైట్ లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది, అంటే పెట్రోలియం నుంచి తీసింది, పైపైన మెరుపే. కొబ్బరి నూనె చిన్న సీసాలు వంటనూనె కిందికి వస్తాయా తలనూనె కిందికి వస్తాయా అన్న పన్ను గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తలనూనె అని రాసి అమ్మకపోతే వంటనూనే అని 2024 డిసెంబర్లో తీర్పిచ్చారు. నేనైతే వంటనూనె అని రాసున్నదే కొనమంటాను.

ఎన్నారై చందు (న్యూజెర్సీ)
ఇక్కడ అందరూ రోజ్‌మేరీ ఆయిల్ అంటున్నారు, 2015లో ఇరాన్‌లో మినాక్సిడిల్‌తో (బట్టతలకి రాసే మందు) సమానంగా పనిచేసిందని తేలిందట, అది ట్రై చేయొచ్చు కదా?

మందుల షాపు తమ్ముడు (వరంగల్)
వంద మంది, ఆరు నెలలు, అదీ మగవాళ్ళ బట్టతల మీద, పోల్చింది 2 శాతం మినాక్సిడిల్‌తో, మగవాళ్ళకి మామూలుగా ఇచ్చేది 5 శాతం. ఒక్క చిన్న ట్రయల్ పట్టుకుని అంత దూరం వెళ్ళకండి బ్రదర్. పైగా అది ఘాటైన ఎసెన్షియల్ ఆయిల్, నేరుగా మాడుకి రాస్తే మండుతుంది.

పాలమూరు బిడ్డ
తమ్మీ, ఆముదంతోని పెరగదని గూడ ఎవ్వలు తేల్చలే గదా?

మందుల షాపు తమ్ముడు (వరంగల్)
పెరుగుతుంది అనేవాళ్ళే చూపించాలి అక్కా. మనుషుల మీద సరిగ్గా చేసిన ట్రయల్ ఒక్కటీ నాకు కనపడలేదు, కనపడితే మా షాపు ముందు నేనే బోర్డు పెడతాను. మీ నాయనమ్మ గారి నూనె చెడ్డదని ఒక్కసారి కూడా అనలేదు చూడండి. కనుబొమ్మలకి, పగిలిన మడమలకి నేనూ ఆముదమే వాడతాను.

సిరి (కూకట్‌పల్లి)
అందరికీ చాలా థాంక్స్. పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది అన్న మాట చదివాక నిన్న రాత్రి నిద్రపట్టింది. పొద్దున్నే రక్తం ఇచ్చి వచ్చాను. నాకు చుండ్రు లేదు కాబట్టి తలస్నానానికి గంట ముందు అత్తయ్య కొబ్బరి నూనె పొడుగునా పట్టిస్తాను, అమ్మ ఆముదం రెండు చుక్కలు అరచేతిలో రుద్దుకుని జడ చివర్లకి మాత్రమే. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, చివర్లకే అయితే అంత పెద్ద సీసా ఎందుకు పంపించా అంది, మడమలకి కూడా రాసుకుంటానని చెప్పాను. ఫెర్రిటిన్ రిపోర్ట్ సోమవారం వస్తుంది, రాగానే ఇక్కడే పెడతాను.