12 అంగుళాల ఆర్మ్ అన్ని కార్ట్రిడ్జ్‌లకూ మేలా? ఆర్మ్ బోర్డు డ్రిల్ చేయించేముందు సలహా కావాలి

ముల్లు33:
అందరికీ నమస్కారం. నాది సస్పెన్షన్ లేని, బరువైన ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) ఉన్న టర్న్‌టేబుల్. ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి) బిగించే బోర్డుకు ఇంకా రంధ్రం వేయించలేదు. రెండు ఆర్మ్‌ల దగ్గర తేలడం లేదు. ఒకటి 9 అంగుళాలది: ఎఫెక్టివ్ మాస్ (ముల్లు దగ్గర తెలిసే ఆర్మ్ బరువు) 11 గ్రాములు, గింబల్ బేరింగ్, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ముందు భాగం) ఊడదు. రెండోది 12 అంగుళాలది: ఎఫెక్టివ్ మాస్ 18 గ్రాములు, హెడ్‌షెల్ మార్చుకోవచ్చు. చేతిలో ఆర్టోఫోన్ 2ఎం బ్లాక్, డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్‌లు (ముల్లు ఉండే చిన్న భాగాలు) ఉన్నాయి. తర్వాత కొనబోయేది 9 గ్రాముల బరువు, 14 కంప్లయన్స్ (ముల్లు ఊగే మెత్తదనం) ఉన్న లో అవుట్‌పుట్ ఎంసీ (మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్). ఫోనో స్టేజ్‌లో (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫైయర్) ఎంసీకి 62 డీబీ గెయిన్, లోడ్ 100 లేదా 470 ఓంలు.

పొడవు ఆర్మ్‌లో ట్రాకింగ్ ఎర్రర్ (గాడిలో ముల్లు కోణం తప్పడం) తక్కువ కాబట్టి కళ్లు మూసుకుని అదే తీసుకోమంటున్నారు. నిజమేనా? ముందు ఆర్మ్ ఎంచుకోవాలా, కార్ట్రిడ్జ్ ఎంచుకోవాలా?

సమతూకం:
రెండూ విడివిడిగా ఎంచుకునేవి కావండి. ఆర్మ్ బరువు, కాంటిలీవర్ (ముల్లును మోసే సన్న కడ్డీ) వెనకున్న రబ్బరు మెత్తదనం కలిసి ఒకే స్ప్రింగ్‌లా ఊగుతాయి. ఆ ఊపు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకంటే కిందికి వస్తే వంగిన రికార్డు ఎత్తుపల్లాలు (ఎక్కువగా 6 హెర్ట్జ్ లోపే ఉంటాయి) ఆర్మ్‌ను ఊపేస్తాయి. పైకి పోతే అసలు బేస్‌లోకే జొరబడుతుంది.

లెక్క ఇది: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కంప్లయన్స్‌తో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి.

2ఎం బ్లాక్ 7.2 గ్రాములు, కంప్లయన్స్ 22. స్క్రూలకు 0.8 వేసుకుంటే 11 గ్రాముల ఆర్మ్‌లో 7.8 హెర్ట్జ్ వస్తుంది. అంచు మీదే ఉంది, కానీ నడుస్తుంది. 18 గ్రాముల ఆర్మ్‌లో 6.6. అది వద్దు.

డీఎల్-103 దగ్గర చాలామంది పొరబడతారు. దాని కంప్లయన్స్ 5 అని రాసి ఉంటుంది, కానీ అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచింది. మన లెక్కకు 10 హెర్ట్జ్ దగ్గరి విలువ కావాలి. సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది కాబట్టి 9 అనుకోండి. కార్ట్రిడ్జ్ 8.5 గ్రాములు. 11 గ్రాముల ఆర్మ్‌లో 11.8, 18 గ్రాముల ఆర్మ్‌లో 10.1 హెర్ట్జ్. ఆ 5ను అలాగే వేస్తే 11 గ్రాముల ఆర్మ్‌లో 15.8 అని వచ్చి, అనవసరంగా భయపెడుతుంది.

కొనబోయే ఎంసీకి 1 గ్రాము స్క్రూలతో 9.3, 8.0. రెండు ఆర్మ్‌లూ సరే.

అంటే 11 గ్రాములది మూడింటినీ మోస్తుంది. డీఎల్-103 పెట్టినప్పుడు హెడ్‌షెల్‌కీ కార్ట్రిడ్జ్‌కీ మధ్య 3 గ్రాముల ఇత్తడి పలక వేస్తే 11.0కి దిగుతుంది. ఆ పలక మందం ఎంతో ఆర్మ్ పిల్లర్ అంతే పైకి లేపాలి. అదనపు బరువుకు కౌంటర్‌వెయిట్ (ఆర్మ్ వెనక ఉండే తూకపు బరువు) సరిపోతుందో లేదో కొనకముందే చూసుకోండి. బరువు కలపడం తేలిక, తీయడం కష్టం. అందుకే నా ఓటు 9 అంగుళాలదానికి.

గాడిగీత:
సమతూకం గారి లెక్కతో ఏకీభవిస్తాను. పొడవు గురించి ఒక మాట కలపాలి. 12 అంగుళాల ఆర్మ్‌లో కోణం తప్పు తగ్గేమాట నిజమే. కానీ ఆ లాభం ఎవరికి కావాలో చూడండి. డీఎల్-103 ముల్లు గుండ్రటి మొనది, కోణం కాస్త తప్పినా సర్దుకుపోతుంది. 2ఎం బ్లాక్‌ది షిబాటా కోత, గాడి గోడను సన్నగా, నిలువుగా పట్టుకుంటుంది కాబట్టి చిన్న తప్పు కూడా లోపలి గాడుల్లో 'స'కారాల మీద వినిపిస్తుంది. పొడవాటి ఆర్మ్ అవసరమైన కార్ట్రిడ్జ్‌కు దాని బరువు పడదు. బరువు పడే కార్ట్రిడ్జ్‌కు పొడవు అంత అవసరం లేదు. అసలు చిక్కు అదే.

ఇంకొకటి. 60 మి.మీ. వ్యాసార్ధం దగ్గర ఓవర్‌హ్యాంగ్ (ముల్లు రికార్డు మధ్య కడ్డీని దాటి ముందుకు వెళ్లే దూరం) 1 మి.మీ. తప్పితే కోణం దాదాపు 1 డిగ్రీ తప్పుతుంది. ఆర్మ్ పొడవు ఎంతైనా ఇది పెద్దగా మారదు. అంటే బిగింపులో ఒక్క మిల్లీమీటర్ నిర్లక్ష్యం 12 అంగుళాల లాభాన్నంతా తినేస్తుంది. బాగా బిగించిన 9 అంగుళాలది, ఏదోలా బిగించిన 12 అంగుళాలదాని కంటే ఎంతో మెరుగు.

రంధ్రం వేయించేముందు పివట్ (ఆర్మ్ తిరిగే ఇరుసు) నుంచి స్పిండిల్‌కు (రికార్డు మధ్య కడ్డీ) దూరం ఆర్మ్ తయారీదారు కాగితంలోనే చూడండి, ఇంకో ఆర్మ్‌దాన్ని నమ్మకండి. లిన్‌కు 211 మి.మీ., రెగాకు సుమారు 222. ఒకదాని బోర్డులో ఇంకోటి పెడితే 11 మి.మీ. తేడాను హెడ్‌షెల్ గాట్లు సర్దలేవు. ఎస్ఎంఈ 5లో అయితే హెడ్‌షెల్ రంధ్రాలు కదలవు, ఆర్మ్ బేస్‌నే జరపాలి.

ప్రొట్రాక్టర్‌లో (కోణం చూసే గీతల పలక) బేర్‌వాల్డ్ పద్ధతి శూన్య బిందువులు, అంటే కోణం తప్పు సున్నా అయ్యే చోట్లు, 66.0, 120.9 మి.మీ. ముల్లు మొన గీతల కూడలిలో పడ్డాక కార్ట్రిడ్జ్ బాడీని కాదు, కాంటిలీవర్‌నే చూడండి. అద్దం ప్రొట్రాక్టర్ మీద కాంటిలీవర్, దాని ప్రతిబింబం ఒకే గీతగా కలిసిపోవాలి. బాడీ అంచు నేరుగా ఉన్నా లోపలి కాంటిలీవర్ ఒక డిగ్రీ పక్కకు ఉండడం మామూలే.

ఎత్తుకు మొదట ముల్లు గాడిలో ఉండగా ఆర్మ్ ట్యూబ్ రికార్డుకు సమాంతరంగా పెట్టండి. 9 అంగుళాల ఆర్మ్‌లో వెనక 4 మి.మీ. లేపితే ముల్లు వాలు 1 డిగ్రీ మారుతుంది. అర మిల్లీమీటర్ మార్చి తేడా కోసం చెవులు రిక్కించకండి.

ఓంకాపలా:
కరెంటు వైపు కూడా చూడండి. 2ఎం బ్లాక్ ఇండక్టెన్స్ 630 మిల్లీహెన్రీ, సిఫారసు చేసిన కెపాసిటెన్స్ 150 నుంచి 300 పికోఫారడ్. ఆర్మ్ లోపలి వైరు, కేబుల్, ఫోనో ఇన్‌పుట్ మూడూ కలిపిన మొత్తం అది. 200 ఉంటే ఎలక్ట్రికల్ రెజొనెన్స్ 14 కిలోహెర్ట్జ్ దగ్గర, 400 అయితే 10 దగ్గర పడుతుంది. అందుకే పొడవాటి కేబుల్ వేస్తే పైస్థాయిలో ఒక గరుకుదనం వచ్చి, ఆ తర్వాత శబ్దం మూసుకుపోతుంది. చాలామంది దాన్ని కార్ట్రిడ్జ్ లోపం అనుకుంటారు.

డీఎల్-103 లోపలి రెసిస్టెన్స్ 40 ఓంలు, అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్ట్. మీ 470 ఓంల లోడ్, 62 డీబీ దానికి సరిపోతాయి. 100 ఓంలు పెడితే దాదాపు 3 డీబీ పోతుంది. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే 1:10 తీసుకోండి. ఫోనో ఇన్‌పుట్ 47 కిలోఓంలను 100తో (10 వర్గం) భాగిస్తే 470 ఓంలు కనిపిస్తాయి. 1:20 అయితే 117 ఓంలే. అది 5 ఓంల కార్ట్రిడ్జ్‌కు మంచిది, దీనికి కాదు.

ఎంసీ కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలవకండి. అది పంపే డీసీ తట్టుకోవడానికి ఆ సన్నని వైరు చేయలేదు.

ముల్లు33:
కళ్లు తెరుచుకున్నాయి, 9 అంగుళాలదే ఖాయం. రెండు సందేహాలు. ఇప్పుడున్న పాత ఆర్మ్‌లో 2ఎం బ్లాక్‌తో పాట లేని చోట కూడా వూఫర్ కోన్‌లు నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. ఆ ఆర్మ్‌కు బరువైన హెడ్‌షెల్ ఉంది. ఇంకోటి, డీఎల్-103 ట్రాకింగ్ ఫోర్స్ (ముల్లు గాడిపై మోపే బరువు) 2.5 గ్రాములకు పెట్టినా డిజిటల్ త్రాసు ఒక్కోసారి 2.2, ఒక్కోసారి 2.7 చూపిస్తోంది.

సమతూకం:
కోన్‌ల ఊపు మీ బరువైన హెడ్‌షెల్ పనే అయ్యుండాలి. హెడ్‌షెల్ దగ్గర తగ్గించిన ప్రతి గ్రాము ఎఫెక్టివ్ మాస్‌లో దాదాపు పూర్తిగా తగ్గుతుంది. పివట్ దగ్గర తగ్గించింది లెక్కలోకి రాదు. స్క్రూలు అల్యూమినియంవి పెట్టండి. టెస్ట్ రికార్డు మీద నిలువు, అడ్డు రెండు ట్రాక్‌లూ వేసి, ఏ హెర్ట్జ్ దగ్గర ముల్లు ఎక్కువ వణుకుతుందో రాసుకోండి. ద్రవం నింపే డ్యాంపింగ్ తొట్టి ఉంటే ఆ వణుకు తీవ్రత తగ్గుతుంది, హెర్ట్జ్ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. ఫోనో స్టేజ్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (చెవికి అందని అతి కింది ఊపును ఆపేది) ఉంటే వేయండి, కోన్‌లకు ఊరట.

త్రాసు సంగతి: పళ్లెం ఇనుముదా? ఎంసీ అయస్కాంతం బలమైనది, ఇనుప పళ్లేన్ని లాగుతుంది. ముల్లు ఒక వెంట్రుకవాసి జరిగినా అంకె మారుతుంది. అయస్కాంతం అంటని పళ్లెం కావాలి, దాని ఎత్తు రికార్డు ఎత్తుతో సమానంగా ఉండాలి. స్క్రూడ్రైవర్ కూడా అలాంటిదే వాడండి. ఇనుముదైతే చివరి క్షణంలో మొన తానే ముల్లు వైపు దూకుతుంది.

గాడిగీత:
యాంటీస్కేటింగ్‌ను (ఆర్మ్ స్పిండిల్ వైపు లాగబడకుండా ఆపే సర్దుబాటు) గాడి లేని డిస్క్ మీద సరిచేయకండి, నిజమైన గాడిలో లాగుడు వేరు. ముల్లు గాడిలో దిగిన క్షణం ముందునుంచి చూడండి. కాంటిలీవర్ రికార్డు బయటి అంచు వైపు వంగి కనిపిస్తే యాంటీస్కేటింగ్ తక్కువైనట్టు, స్పిండిల్ వైపు వంగితే ఎక్కువైనట్టు. ఎత్తు, అజిమత్ (ముందునుంచి చూస్తే కార్ట్రిడ్జ్ పక్కకు వాలే కోణం) మార్చిన ప్రతిసారీ ట్రాకింగ్ ఫోర్స్ మళ్లీ తూచండి, 2ఎం బ్లాక్‌కు 1.5 గ్రాములు.