భువనగిరి గుట్టకు రోప్‌వే: ఎవరి కోసం, ఎక్కడిదాకా?

కోట కింది ఇల్లు:
భువనగిరి కోట అభివృద్ధికి స్వదేశ్ దర్శన్ 2.0 అనే పర్యాటక పథకం కింద కేంద్రం నిధులిచ్చింది. 2024 మార్చిలో దానికి శ్రీకారం చుట్టారు. అందులో రోప్‌వే కూడా ఉంది. అప్పటి నుంచి ఊళ్లో నలుగురు కూడిన చోటల్లా ఇదే మాట. నా అభిప్రాయం ముందే చెప్తున్నా: రోప్‌వే కావాలి. ఎక్కలేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టాలి. జనం ఎక్కువొస్తే ఆదాయం ఎక్కువొస్తుందన్న లెక్కతో కట్టొద్దు.

గుట్ట చూడనివాళ్ల కోసం రెండు మాటలు. మొదట్లో మెట్లు బాగానే ఉంటాయి. పైకి పోయేకొద్దీ నున్నటి బండ వాలు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ, అంతే. ఎండాకాలం పొద్దెక్కితే ఆ కడ్డీ ముట్టుకోలేం. వాన పడితే చెప్పు నిలవదు. హైదరాబాద్ నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లలో ముసలివాళ్లు కిందే నీడ చూసుకుని కూర్చుంటారు. ప్రతి ఆదివారం కనిపించేదే ఇది. మీరేమంటారు?

రాతి పట్టు:
అన్నా, నేను వ్యతిరేకం. ఈ గుట్ట ఏకశిల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు కట్టుకుని రాయి ఎక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. హాస్టల్లో చదువుకునే పిల్లలు అంత దూరం పోగలిగారంటే ఈ రాయి చలవే. ఇప్పుడు అదే బండకు బోల్టులు కొట్టి స్తంభాలు నిలబెడతామంటే మనసు ఒప్పట్లేదు.

ఇంకోటి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలం నాటి కోట ఇది. పైన రాతి గుండాల్లో వాననీళ్లు నిలుస్తాయి. ఇప్పుడు వచ్చే కొద్దిమందితోనే వాటిలో నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు తేలుతున్నాయి. కష్టపడి ఎక్కినవాళ్లే ఇట్లా చేస్తుంటే, కూర్చుని పైకి వచ్చే వేలమంది సంగతేంటి?

మోత్కూరు అమ్మాయి:
అన్నా, కష్టపడితేనే చూడాలంటే మా అమ్మ లాంటివాళ్లు ఎప్పటికీ చూడలేరు. మోకాళ్లు అరిగిపోయి ఏళ్లయింది. మాది ఇదే జిల్లా, ఆమె ఈ గుట్టను బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. తమిళనాడులో షోలింగర్ నరసింహస్వామి కొండకు 1,300కు పైగా మెట్లున్నాయి. 2024లో అక్కడ రోప్‌వే పెట్టారు. అయినా మెట్ల దారి మూయలేదు. కాళ్లున్నవాళ్లు కాళ్లతో పోతారు, లేనివాళ్లు బండిలో పోతారు. ఇందులో ఎవరి సొమ్ము పోయింది?

డెన్వర్‌లో నల్లగొండ:
ఇక్కడి సంగతి ఒకటి చెప్తా, పనికొస్తుందేమో. మా దగ్గర, అమెరికా కొలరాడోలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అని చిన్న ఊరుంది. అక్కడ హౌల్సన్ హిల్ అనే, మంచు మీద జారే స్కీయింగ్ కొండను ఊరి మున్సిపాలిటీయే నడుపుతుంది, 1915 నుంచీ ఉంది. ఇట్లాంటి ఊరి కొండల మీద కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం వేరే చైర్‌లిఫ్ట్, అంటే తీగకు వేలాడే కుర్చీల వరస, వేస్తుంటారు. అది శిఖరానికి పోదు. కొద్ది ఎత్తులో, వాలు తక్కువున్న చోట దింపుతుంది. కుర్చీలు మెల్లగా వస్తాయి. పిల్లలో భయపడేవాళ్లో ఎక్కుతుంటే పక్కనున్న మనిషి ఇంకా నెమ్మది చేస్తాడు, అవసరమైతే ఆపేస్తాడు. బాగా వచ్చినవాళ్లకు పై లిఫ్టులు, నిటారు వాలు వేరే. ఒకరి దారిలో ఒకరు పడరు. అసలు మొదటి చైర్‌లిఫ్ట్ 1936లో ఇక్కడే ఐడహో రాష్ట్రం సన్ వ్యాలీలో పెట్టారు. అరటి గెలలను ఓడలోకి ఎక్కించే కొక్కేల వరస చూసి ఒక రైల్వే ఇంజనీరుకు వచ్చిన ఆలోచన అది. మన గుట్టకు కూడా సగం దాకా మాత్రమే చైర్‌లిఫ్ట్ వేస్తే రెండు పక్షాలకూ సరిపోదా?

తాడు కప్పీ:
రోప్‌వేల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, సగం గుట్ట దగ్గర స్టేషన్ కట్టడమే అన్నిటికంటే చెడ్డ ఆలోచన. అక్కడ చదునైన జాగా లేదు. వాలు బండను తొలిచి దిమ్మె కట్టాలి. పైన చదును ఉంది, రాయికి తక్కువ దెబ్బ.

చైర్‌లిఫ్ట్ కూడా వద్దు. బీహార్ రాజ్‌గిర్‌లో పాతది ఒంటి మనిషి కుర్చీల లిఫ్ట్. కుర్చీ ఆగదు, అది వెనక నుంచి వస్తుంటే చటుక్కున కూర్చోవాలి. చీర కట్టుకున్న పెద్దావిడ, మోకాళ్ల నొప్పులతో ఎట్లా కూర్చుంటుంది? తలుపున్న క్యాబిన్ కావాలి. ప్రధాన తాడు వేగంగా పోతున్నా, స్టేషన్‌లోకి రాగానే క్యాబిన్ తాడును వదిలి నడక కంటే నెమ్మదిగా కదిలే ఏర్పాటు ఉంది. ఖర్చు ఎక్కువ. అయినా చక్రాల కుర్చీ కూడా నేరుగా లోపలికి పోతుంది.

2022 ఏప్రిల్‌లో జార్ఖండ్ దేవ్‌ఘర్ దగ్గర త్రికూట కొండ మీద రోప్‌వే చెడిపోతే జనం గాల్లో రాత్రంతా వేలాడారు, వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ముగ్గురు చనిపోయారు. అందుకని కరెంటు పోతే నడిపే డీజిల్ ఇంజను, గాలి వేగం కొలిచే పరికరం, క్యాబిన్ నుంచి మనుషుల్ని తాడుతో దింపే శిక్షణ పొందిన జట్టు, ఈ మూడూ లేకుండా ప్రారంభోత్సవం చేయొద్దు.

కోట కింది ఇల్లు:
ఆ జట్టు ఎక్కడి నుంచో రావాల్సిన పని లేదు. తాడు మీద దిగడం, మనిషిని దింపడం వచ్చిన పిల్లలు భువనగిరిలోనే తయారవుతున్నారు. ఆ ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి.

జనం విషయానికొస్తే, గంటకు ఎంతమందిని పైకి పంపాలన్నది దేవుడు రాసిపెట్టింది కాదు. ఎన్ని క్యాబిన్లు వేలాడదీస్తే అంతమందే పోతారు. తక్కువ వేయించుదాం. పెద్దవాళ్లకు, దివ్యాంగులకు ముందు టికెట్ ఇవ్వమందాం. కాంట్రాక్టరుకు నష్టమొస్తుందని ఎవరన్నా అంటే, యాదగిరిగుట్టకు పోయే జనంలో కొందరు ఇటు మళ్లినా సరిపోతుందని నా నమ్మకం. కోట మీద దుకాణాలు మాత్రం ఒక్కటీ వద్దు. నీళ్లూ తిండీ కిందే.

రాతి పట్టు:
పిల్లలకు ఉద్యోగాలన్న మాట బాగుంది, కాదనను. తీగల దారి శిక్షణ జరిగే బండ వైపు రాకుండా వేరే పక్క నుంచి పోవాలి. ఆ సంగతి నక్షాలో గీసి చూపించేదాకా నేను సంతకం పెట్టను.

మోత్కూరు అమ్మాయి:
అది న్యాయమే అన్నా. కలెక్టరేట్‌కు ఇచ్చే అర్జీలో మీ షరతే మొదట రాద్దాం. రెండోది, తలుపున్న క్యాబిన్.