అప్‌డేట్: పెరటి మందకి చివరికి ఏ కోళ్లు తీసుకున్నామంటే

ప్రతిసారీ పిల్లలు కొనే పని లేకుండా ఇంట్లోనే పొదిగించుకోవాలంటే వనరాజా బెటరా, గ్రామప్రియా, నాటుకోడా అని అడిగాను కదా, చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండి. మేము నాటు పెట్టలు, ఒక అసీల్ (పందెంకోడి జాతి) పుంజుతో మొదలుపెట్టాం, గుడ్ల కోసం పక్కన నాలుగు గ్రామప్రియ.

కారణం ఏంటంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా, గ్రామప్రియ రెండూ క్రాస్ రకాలు, వాటి గుడ్లు పొదిగించినా పిల్లలకి తల్లి లక్షణాలు అలాగే రావు, పైగా ఆ పెట్టలు సాధారణంగా పొదగడానికి కూర్చోవు. గుడ్లు మాత్రం నాటు వాటికంటే చాలా ఎక్కువ పెడతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు మా నల్ల పెట్ట గంపలో వరిగడ్డి మీద కూర్చుంది, కింద దాని గుడ్లతో పాటు గ్రామప్రియ గుడ్లు కూడా పెట్టాం, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడవడానికి వస్తోంది, మేతకి లేచినా గబగబా తిని మళ్లీ గంపలోకే. 21 రోజులకి పిల్లలు అవుతాయి. గద్ద వస్తే రెక్కల కింద దాచుకునేది ఇలాంటి తల్లే, అందుకే నాటుకోడి అంటే నాకంత ఇష్టం.

కొక్కెర తెగులుకి (రాణిఖెట్ వ్యాధి) మాత్రం ఏ జాతైనా ఒకటే, పిల్లలకి మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా వేయిస్తాం. పుంజుని కూడా ఏడాదికోసారి బయట ఊరి నుంచి తెచ్చి మారుస్తాం, లేకపోతే అన్నీ ఒకే రక్తం అయిపోయి మంద బలహీనపడుతుంది. నల్ల మాంసం ఉండే కడక్‌నాథ్ కోడి వద్దనుకున్నాం, అది కూడా సరిగ్గా పొదగదు.