టెన్త్ అయిపోయింది, కుక్కపిల్లని తెచ్చుకోవచ్చా? నా డబ్బులతో అవుతుందా?

గంటస్తంభం_కుర్రాడు:
నాకు 16 ఏళ్లు. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర అద్దె ఇల్లు. మొన్ననే టెన్త్ పరీక్షలు రాశాను. మా ఫ్రెండు వాళ్ల లాబ్రడార్ ఆరు పిల్లల్ని పెట్టింది, అందులో ఒకదాన్ని నాకు ఊరికే ఇస్తానంటున్నాడు. నల్లది. వెళ్లినప్పుడు నా చెప్పు నోట కరుచుకుని ఎంత లాగినా వదల్లేదు, అక్కడే ఫిక్సయిపోయాను. ఇవాళ్టికి దానికి 35 రోజులు. అమ్మ "తెచ్చుకుంటే తెచ్చుకో, నేను మాత్రం దాని పెంట ఎత్తను" అంది. నాన్న ఏమీ అనలేదు, మా ఇంట్లో అంటే సగం ఒప్పుకున్నట్టే. పండగలకి చుట్టాలిచ్చినవి దాచుకున్న డబ్బులు 6,200 ఉన్నాయి, నెలకి పాకెట్ మనీ 500. పొద్దున్నే పాల ప్యాకెట్లు వేస్తే ఇంకో 1,500 వస్తాయి, ఆ షాపాయనతో మాట్లాడాను కూడా. సరిపోతాయా? "ముందు చదువుకో" అనేవాళ్లు మాత్రం వద్దు ప్లీజ్, అది రోజూ వింటున్నదే.

నాగావళి_గట్టు:
తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత. ఇంటర్ ఎక్కడ చదవబోతున్నావు? అన్నీ రాశావు గానీ అదొక్కటీ రాయలేదు.

మాది శ్రీకాకుళం. నేను కూడా టెన్త్ సెలవుల్లోనే తెచ్చుకున్నాను, మా వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లని. పొద్దున్న ఆరింటికల్లా ఇద్దరం ఏటిగట్టు మీదే. జూన్ వచ్చేసరికి నన్ను విశాఖ తీసుకెళ్లి రెసిడెన్షియల్లో పడేశారు. ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ చదువు గురించి అడిగేది, నేను కుక్క గురించి అడిగేవాణ్ని. నా సైకిల్ పక్కనే పడుకుంటోందనీ, తిండి సరిగ్గా తినడం లేదనీ చెప్పేది. దసరాకి గేటు తీస్తే నన్నే చూసి మొరిగింది! దగ్గరకొచ్చి వాసన చూశాక ఒకటే గోల, నా కాళ్ల మీదే పోసేసింది. ఇంటర్ తర్వాత కాకినాడలో ఇంజినీరింగ్, తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం. అది 13 ఏళ్లు బతికింది, అందులో నేను దాని దగ్గర ఉన్నది లెక్కేస్తే ఏడాదిన్నర కూడా రాదు. మిగతాదంతా మా అమ్మే, మోకాళ్ల నొప్పులతో రెండు పూటలా బయటికి తిప్పేది, అదీ కుక్కంటే అస్సలు పడని మనిషి. ఆఖరి రోజుల్లో అయితే అమ్మ చేత్తో కలిపి పెడితే తప్ప ముట్టేది కాదు. కాబట్టి అది నీ కుక్క అనుకోకు, మీ అమ్మ కుక్క. ఆవిడ "పెంట ఎత్తను" అందంటే నీకు జవాబు వచ్చేసినట్టే కదా.

పశువుల_ఆసుపత్రిలో_పని:
ముందు ఒక మాట. 35 రోజుల పిల్లని తల్లి దగ్గర్నుంచి తీయకండి. ఎనిమిది వారాలు నిండాలి, అంటే 56 రోజులు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడికి నొప్పెడుతుందో తోబుట్టువులతో కొట్లాడుకుంటూ అది నేర్చుకునేది ఈ వారాల్లోనే. తొందరపడి తెస్తే తర్వాత మీ వేళ్ల మీద నేర్చుకుంటుంది.

ఇక ఖర్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా సూది, పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులు వంటివాటన్నిటికీ కలిపి ఒకటే ఉండేది. ఆ తర్వాత 16 వారాలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలకోసారి బూస్టర్, అంటే అదే టీకా మళ్లీ. మూడు నెలలు నిండాక రేబిస్, దానికీ బూస్టర్, ఆపైన ఏటా. మూడు నెలల దాకా 15 రోజులకోసారి నట్టల మందు. రేబిస్ టీకా జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం) అని మా ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, మిగతావి మీరే కొనుక్కోవాలి. మీ 6,200లో సగానికి పైగా దీనికే పోతాయనుకోండి. ఇదెందుకు ఇంత చెబుతున్నానంటే, పార్వో వచ్చిన పిల్లని మా టేబుల్ మీద చూస్తే మీకే అర్థమవుతుంది. వాంతులు, రక్తంతో విరేచనాలు, ఆ కంపు చేతులు కడుక్కున్నా పోదు. నాలుగైదు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కనివి చాలా ఉంటాయి. సూదుల కోర్సు అయ్యేదాకా వీధిలో తిప్పకండి. మరీ సీరియస్ కేసైతే గరివిడి వెటర్నరీ కాలేజీకి పంపిస్తాం, ఆ ఆటో ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

తిండికి భయపడక్కర్లేదు, అన్నం, గుడ్డు, ఉడికించిన చికెన్ చాలు. ఉడికిన కోడి ఎముకలు వద్దు, విరిగి గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, చాక్లెట్ అసలే వద్దు. ఇంకొకటి, "మన కుక్కే కదా" అనుకోకుండా పన్ను గీరుకున్నా సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
బాబూ, ఇంటి ఓనర్ని అడిగావా? మా గుంటడూ నీలాగే ఎవర్నీ అడక్కుండా చొక్కాలో దాచి తెచ్చాడు. మూడో రోజే ఓనరమ్మ మెట్ల మీద నిలబడి, కుక్కయినా ఖాళీ చెయ్యాలి, మీరైనా ఖాళీ చెయ్యాలి అంది. రాజాంలో రెండు నెలలు ఇళ్లు వెతికాం, కుక్క అనగానే తలుపులు వేసేసేవారు. చివరికి దాన్ని మా అన్నయ్య పొలానికి పంపించాం, వాడు నాతో వారం మాట్లాడలేదు, ఆ వారం నేనూ సరిగ్గా తినలేదులే. పెళ్లిళ్లకి ఊరెళ్లాలంటే ఎవరికి అప్పజెప్తారు? దీపావళికి మంచం కిందికి దూరి వణికిపోతుంటే పక్కన కూర్చునేది ఎవరు? మీ నాన్నగారి మౌనాన్ని సగం ఒప్పుకోవడం కింద వేసుకోకు, మా ఇంట్లో అయితే అది "వద్దు" అని.

బొబ్బిలి_17:
అందరూ కలిసి వాణ్ని భయపెట్టేస్తున్నారు. నాకు 17, రెండేళ్లుగా పెంచుతున్నాను, ఇక్కడే లోకల్ కాలేజీ కాబట్టి కుదిరింది. నెలకి 1,200 దాకా అవుతుంది, పిడుదులు పట్టిన నెల 2,000 దాటింది. డబ్బు కంటే నిద్ర ఎక్కువ పోతుంది. మార్చిలో మ్యాథ్స్ పరీక్ష ముందురోజు రాత్రి రెండింటికి సాక్సు మింగేసి కక్కింది, గచ్చు కడిగి మళ్లీ పుస్తకం తీశాను. ఒకసారి ట్యూషన్ హడావుడిలో మేడ మీద గొలుసుతో కట్టేసి మర్చిపోయాను, వచ్చేసరికి నీడ తప్పుకుంది, నాలుక బయటపెట్టి రొప్పుతోంది, నీళ్ల గిన్నె తిరగబడి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది.

నీకు ఎలాగూ ఇంకా 21 రోజులు టైముంది. రోజూ ఐదున్నరకి లేచి ఫ్రెండు ఇంటికెళ్లి ఆరు పిల్లల పెంటా ఎత్తు. వారం తర్వాత వచ్చి మళ్లీ అడుగు.

గంటస్తంభం_కుర్రాడు:
వారం కాదు, 12 రోజులు అయింది. ఒక్క రోజు మానేశాను, జ్వరం. ఆరు పిల్లలంటే పొద్దున్నే ఎంత పని ఉంటుందో రాయకపోవడమే మంచిది.

ఇంటర్ విశాఖలోనే, హాస్టలే. నాన్న ఏమీ అనకపోవడానికి కారణం అదట, అప్పటికే అడ్వాన్స్ కట్టేశారు. ఓనర్ గారు "కరుస్తుందా?" అని మాత్రమే అడిగారు, అమ్మే వద్దంది. రెండు రోజులు కోపంగానే ఉన్నాను. నల్లదాన్ని ఫ్రెండు వాళ్ల పెదనాన్న గారు నెల్లిమర్ల తీసుకెళ్తారట, పెరడున్న ఇల్లు. ఈలోపు పొద్దున్న వెళ్తూనే ఉన్నాను. ఆసుపత్రి అన్నగారూ, ఒక డౌటు. వాళ్లింకా సూదులు వేయించలేదు, ఆరింటికీ అంటే ఆలోచిస్తున్నారు. నల్లదానికైనా మొదటి సూదికి నా డబ్బులిస్తాను, 47 రోజులకి వేయొచ్చా?

పశువుల_ఆసుపత్రిలో_పని:
వేయొచ్చు. ముందు నట్టల మందు పట్టించండి, నీరసంగా ఉన్న రోజు మాత్రం తీసుకురాకండి. టీకా మందు మెడికల్ షాపులో కొంటే ఐసు ముక్కల మధ్య పెట్టించుకుని నేరుగా తీసుకురండి, ఈ ఎండలో సైకిల్ హ్యాండిల్‌కి కవరు తగిలించుకొస్తే ఆ సూది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. మిగతా ఐదింటి సంగతి మీ ఫ్రెండు వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడతాను, ఒకసారి వెంటబెట్టుకుని రండి.