డంకన్ ఆఖరి సీజన్‌ను ఏ లెక్కతో చూడాలి?

ప్రశ్న
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన టిమ్ డంకన్ తన ఆఖరి సీజన్ 2015-16లో మ్యాచ్‌కు సగటున 8.6 పాయింట్లు, 7.3 రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని పట్టడం) సాధించాడు. మొత్తం కెరీర్ సగటు 19 పాయింట్లు, 10.8 రీబౌండ్లు. పాత పేరును బట్టి ఆడించారని మా అన్నయ్య వాదిస్తున్నాడు. కానీ ఆ ఏడాది అతని జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ 82 మ్యాచ్‌లలో 67 గెలిచింది. ఇలాంటి సీనియర్ విలువ ఎలా తేల్చాలి?

జవాబు
ముందు నిమిషాలు చూడండి. ఆ సీజన్‌లో డంకన్ మ్యాచ్‌కు 25 నిమిషాలే ఆడాడు, కెరీర్ సగటు 34. రెండింటినీ 36 నిమిషాల లెక్కకు మారిస్తే పాయింట్లు 20 నుంచి 12కు పడిపోయాయి, రీబౌండ్లు మాత్రం 11.5 నుంచి 10.4కే తగ్గాయి. అంటే బాగా తగ్గింది స్కోరింగే. అయితే ఈ లెక్క పోల్చడానికే పనికొస్తుంది. దాదాపు నలభై ఏళ్ల మనిషి నిజంగా 36 నిమిషాలు ఆడితే అదే జోరు నిలుస్తుందనుకోకూడదు.

అసలు విలువ డిఫెన్స్‌లో ఉంది. బంతి ప్రత్యర్థి చేతికి వచ్చిన ప్రతి 100 సార్లకు ఎన్ని పాయింట్లు ఇచ్చారన్నది కొలత. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అతి తక్కువ ఇచ్చింది స్పర్స్ జట్టే. రింగు దగ్గర డంకన్ నిలబడ్డాడని చూసి ప్రత్యర్థి వెనక్కి తిరిగితే, అది బ్లాకుగానో (షాట్‌ను చేత్తో అడ్డుకోవడం) రీబౌండుగానో ఏ పట్టికలోనూ నమోదు కాదు. అందుకే అతను కోర్టులో ఉన్నప్పుడు, బెంచి మీద ఉన్నప్పుడు జట్టు ఇచ్చిన పాయింట్ల తేడా చూడాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ ఏడాది ఉత్తమ డిఫెండర్ అవార్డు అందుకున్న కవై లెనర్డ్ కూడా అదే ప్రారంభ జట్టులో ఉన్నాడు. ఆ ఘనత ఎవరిదో విడదీయాలంటే లెనర్డ్ ఆడుతూ డంకన్ కూర్చున్న నిమిషాలను విడిగా తీయండి. ఎన్‌బీఏ గణాంకాల సైటులో ఎవరెవరు కలిసి ఆడారో చూపే పట్టికలు ఉంటాయి. 2013-14 నుంచి అన్ని స్టేడియాలలో కెమెరాలు ఆటగాళ్ల కదలికలను నమోదు చేస్తున్నాయి కాబట్టి, రింగు దగ్గర అతను కాచినప్పుడు ప్రత్యర్థులు ఎంత శాతం బుట్టలో వేశారో కూడా దొరుకుతుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం అదే.

మళ్లీ ప్రశ్న
అతను కోర్టులో ఉన్నప్పటికీ లేనప్పటికీ ఉన్న ఈ తేడా తేల్చడానికి ఒక్క సీజన్ సరిపోతుందా అండీ?

జవాబు
సరిపోదు. ప్రత్యర్థుల మూడు పాయింట్ల షాట్లు కొన్ని అదృష్టం కొద్దీ పడినా అంకె తారుమారవుతుంది. రెండు మూడు సీజన్లు కలపాలి. కానీ సీనియర్ల విషయంలో అదే ప్రమాదం: 37 ఏళ్ల నాటి డంకన్‌ను 39 ఏళ్ల డంకన్‌కు అంటగట్టినట్టవుతుంది. కలపండి, కానీ తాజా సీజన్‌కు ఎక్కువ బరువు ఇవ్వండి.

జీతం కూడా మరిచిపోవద్దు. ఆ ఏడాది జట్టు జీతాల పరిమితి 7 కోట్ల డాలర్లు, డంకన్ తీసుకున్నది సుమారు 50 లక్షలు. ఆ డబ్బుకు అలాంటి డిఫెండర్ దొరకడం అరుదు.

ఇంకొకరి మాట
ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) కూడా చూడాలి. అక్కడ మ్యాచ్‌కు 5.9 పాయింట్లకు పడిపోయాడు. ఓక్లహోమా సిటీ జట్టుతో ఆఖరి మ్యాచ్‌లో మాత్రం 19 చేశాడు.

జవాబు
ఆయన చెప్పినవి నిజమే. కానీ మొత్తం పది మ్యాచ్‌లే. మీ అన్నయ్య 5.9 చూపించినా, మీరు 19 చూపించినా వాదన తేలదు. రింగు దగ్గరి శాతంతో మొదలుపెట్టండి.